ఇంట్లో వాక్యూమ్ సీలర్‌తో ఆహారం నిల్వ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు కవరు మూతిని మూత కింద పెట్టి గాలి లాగే మామూలు ఇంటి మెషిన్ల గురించి. ఛాంబర్ మెషిన్ల సంగతి చివర్లో విడిగా ఉంది. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఇచ్చాం.

గాలి తీసేస్తే ఆహారం ఎందుకు ఎక్కువ కాలం ఉంటుంది?

గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. గింజల్లో నూనె చెడి కనరు వాసన రావాలన్నా, కోసిన పండు నల్లబడాలన్నా, బూజు పట్టాలన్నా ఆక్సిజన్ కావాలి. అది తగ్గితే ఇవన్నీ నెమ్మదిస్తాయి.

ఫ్రీజర్‌లో ఇంకో లాభం ఉంది. గడ్డకట్టిన ఆహారంలోని మంచు నీరుగా మారకుండానే ఆవిరై, కవరు లోపలి ఖాళీలో తెల్లటి పొడిలా పేరుకుంటుంది. ఆ చోట మాంసం బూడిదరంగు తిరిగి, వండితే పీచుపీచుగా ఉంటుంది. కవరు ఆహారాన్ని చర్మంలా అంటుకుని ఉంటే మంచు ఆవిరై చేరడానికి చోటే ఉండదు. వాక్యూమ్ సీలర్ అసలు విలువ తెలిసేది ఫ్రీజర్‌లోనే.

గాలి మొత్తం పోతుందా?

పోదు. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్. మెషిన్ మీద మైనస్ 80 కిలోపాస్కల్స్ అని రాసి ఉంటే, అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు అయిదింట నాలుగు వంతుల గాలిని లాగుతుందని అర్థం. మిగిలిన వంతు లోపలే ఉంటుంది. ఎత్తైన ప్రదేశాల్లో బయటి పీడనమే తక్కువ కాబట్టి కవరు అంత గట్టిగా బిగుసుకోదు. అది మెషిన్ లోపం కాదు.

సీల్ చేశాక ఫ్రిజ్ అవసరం ఉండదు కదా?

ఉంటుంది. ఈ మొత్తం పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

గాలి లేకపోతే బూజు ఆగుతుంది కానీ, గాలి లేని చోటే బతికే సూక్ష్మజీవులకు అది అనుకూలమవుతుంది. వాటిలో ప్రమాదకరమైనది క్లాస్ట్రీడియం బొటులినం. మట్టిలో, నీటి అడుగున ఉండే ఈ బాక్టీరియా బీజాలు కూరగాయల మీద, చేపల మీద ఉండొచ్చు. మామూలుగా మరిగించినా ఈ బీజాలు చావవు. వాటిని చంపడానికి 121 డిగ్రీల వేడి కావాలి, అది ప్రెజర్ కింద తప్ప రాదు. గాలి లేకుండా, తేమ ఉండి, పులుపు తక్కువగా ఉన్న చోట, అంటే పీహెచ్ 4.6 కంటే ఎక్కువున్న చోట, ఆ బీజాలు మొలిచి విషాన్ని తయారుచేస్తాయి. వండిన కూరలు, మాంసం, చేప, ఉడికిన కూరగాయలు అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

విషం చేరిన ఆహారం వాసనలో, రుచిలో, చూపులో ఏ తేడా లేకుండా ఉండొచ్చు. మామూలుగా ఆహారం చెడితే వచ్చే కుళ్లువాసన మనల్ని ముందే హెచ్చరిస్తుంది. గాలి తీసిన కవరులో ఆ వాసన పుట్టించే సూక్ష్మజీవులు అణిగిపోతాయి కాబట్టి ఆ హెచ్చరిక కూడా అందకపోవచ్చు.

కాబట్టి తేమ ఉన్నదేదైనా సీల్ చేశాక 4 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లోకో, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకో వెళ్లాల్సిందే. ఫ్రిజ్‌లోనూ అతినమ్మకం వద్దు. బొటులినంలో కొన్ని రకాలు 3 డిగ్రీల దగ్గరే పెరగగలవు. లిస్టీరియా అనే మరో బాక్టీరియా ఫ్రిజ్ చలిలో గాలి లేకపోయినా పెరుగుతుంది. అందుకని ఫ్రిజ్‌లో పెట్టిన వండిన పదార్థాన్ని, మామూలు డబ్బాలో ఉంటే ఎన్ని రోజుల్లో తినేస్తారో అన్ని రోజుల్లోనే తినేయండి. అంతకంటే ఎక్కువ ఉంచాలంటే ఫ్రీజరే దారి.

అనుమానం ఉన్న ఆహారం తిన్నాక చూపు రెండుగా కనిపించినా, కనురెప్పలు వాలిపోతున్నా, మాట తడబడినా, మింగడం కష్టమైనా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఏవి అసలు సీల్ చేయకూడదు?

పచ్చి వెల్లుల్లి, నూనెలో వేసిన వెల్లుల్లి, పచ్చి పుట్టగొడుగులు, మెత్తటి తాజా చీజ్‌లు. ఇవి ఫ్రిజ్‌లో పెట్టేవైనా సరే, సీల్ చేయొద్దు. వెల్లుల్లిలో పులుపు తక్కువ, మట్టిలో పెరుగుతుంది, పైగా నూనె దాన్ని గాలికి దూరం చేస్తుంది. బొటులినానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. పుట్టగొడుగులు కోసిన తర్వాత కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను అవే వాడేసుకుని, త్వరగా జిగురెక్కుతాయి. వండి చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టేటట్లయితే పుట్టగొడుగులు సీల్ చేయొచ్చు.

గట్టి చీజ్‌కు ఈ అభ్యంతరం లేదు, ఫ్రిజ్‌లో ఉంచితే చాలు.

క్యాబేజీ, క్యాలీఫ్లవర్ సీల్ చేస్తే రెండు రోజుల్లో కవరు ఉబ్బింది. ఎందుకు?

పచ్చిగా సీల్ చేసి ఉంటారు. ఆ కుటుంబపు కూరలన్నీ, బ్రాకోలీతో సహా, వాయువులు వదులుతాయి. వాటిని ముందు మరిగే నీటిలో కాసేపు ఉంచి తీసి, తర్వాత సీల్ చేసి ఫ్రీజర్‌లో పెట్టాలి. మరుగునీటి వేడికి కూరలోని ఎంజైములు ఆగిపోతాయి. ఆ పని చేయకపోతే ఫ్రీజర్‌లో కూడా రంగు, రుచి నెమ్మదిగా పోతూనే ఉంటాయి.

450 గ్రాముల కూరకు 4 లీటర్ల నీరు కావాలి. కూర వేశాక నీరు ఒక నిమిషంలోపు మళ్లీ మరగాలి. అలా మరగలేదంటే కూర ఎక్కువైందని గుర్తు. నీరు మళ్లీ మరగడం మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టండి: చిన్న రెమ్మలుగా విడదీసిన క్యాలీఫ్లవర్, బ్రాకోలీకి 3 నిమిషాలు, బీన్స్‌కు 3, చిన్న ముక్కల క్యారెట్‌కు 2, బఠానీకి ఒకటిన్నర. అంతేసేపు ఐసు నీటిలో ఉంచి, బట్ట మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే అది నేరుగా సీల్ దగ్గరికే వస్తుంది.

ఉల్లిపాయ ముక్కలకు, క్యాప్సికమ్‌కు మరుగునీరు అక్కర్లేదు, ఫ్రీజర్‌కే పంపేటట్లయితే.

మామూలు ప్లాస్టిక్ కవర్లు వాడొచ్చా?

రెండు కారణాల వల్ల కుదరదు. మొదటిది, ఈ మెషిన్లకు ఒకవైపు గీతలో, గళ్లో ఉన్న కవరు కావాలి. ఆ గీతల సందుల్లోంచే గాలి బయటికొస్తుంది. నున్నటి కవరైతే రెండు పొరలూ వెంటనే అతుక్కుపోయి, లోపలి గాలి లోపలే ఆగిపోతుంది. రెండోది, వాక్యూమ్ కవరుకు బయట నైలాన్ పొర, లోపల పాలిథిలీన్ పొర ఉంటాయి. నైలాన్ ఆక్సిజన్‌ను ఆపుతుంది, పాలిథిలీన్ వేడికి కరిగి అతుకుతుంది. పాలిథిలీన్ ఒక్కటే ఉన్న కవరులోంచి ఆక్సిజన్ నెలల తరబడి నెమ్మదిగా లోపలికి దిగుతూ ఉంటుంది.

సీల్ చేయడానికి సరైన పద్ధతి చెప్పండి.

రోల్ నుంచి కత్తిరించేటప్పుడు ఆహారం పైన కనీసం 7, 8 సెంటీమీటర్లు వదలండి. చాలా సీల్‌లు పాడయ్యేది ఇక్కడ పిసినారితనం చేయడం వల్లే. కవరును మళ్లీ వాడాలనుకుంటే వాడే ప్రతిసారికీ ఇంకో రెండున్నర సెంటీమీటర్లు కలుపుకోండి. కత్తిరింపు తిన్నగా ఉండాలి.

ఒక చివర సీల్ చేసి సంచి తయారయ్యాక, మూతి అంచును 5 సెంటీమీటర్ల మేర బయటికి మడిచి, అప్పుడు ఆహారం నింపండి. నింపాక మడత విప్పితే సీల్ పడే చోటు శుభ్రంగా, పొడిగా దొరుకుతుంది. నూనె చుక్క, పిండి రేణువు, నీటి తుంపర ఏది అంటినా అక్కడ ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కు అతకదు. ఆహారాన్ని ఉండలా కాకుండా పలచగా పరిస్తే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది, ఫ్రీజర్‌లో పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు.

రోల్ కవరు చివర సహజంగా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు కిందికి ఉండేలా పెడితే అంచు తనంతట తానే లోపలి గాడిలోకి దిగుతుంది. మూతికి రెండు పక్కలా పట్టుకుని కొంచెం సాగదీసినట్టు ఉంచి మూత వేయండి. ముడత పడితే ఆ ముడతే తర్వాత గాలికి దారి అవుతుంది.

సీల్ అయ్యాక మూత వెంటనే లాగేయకుండా రెండు మూడు క్షణాలు ఆగండి. తర్వాత వెలుతురుకు ఎత్తి చూడండి. మంచి సీల్ ఒక చివర నుంచి మరో చివరకు ఒకే వెడల్పులో, గీతలు చదునై, పారదర్శకమైన పట్టీలా కనిపిస్తుంది. మధ్యలో తెల్లటి చుక్కలు, సన్నటి సొరంగాల్లాంటి గీతలు కనిపిస్తే అది అతకని చోటు. అంచు అలలుగా ముడుచుకుని పలచబడితే వేడి ఎక్కువైనట్టు. ఎముక ఉన్నవాటికి, బరువైనవాటికి ఒక సెంటీమీటరు దూరంలో రెండో సీల్ వేయండి. పేరు, తేదీ రాయడానికి సీల్ బయట మిగిలిన అంచు బాగుంటుంది.

మోటారు తిరుగుతోంది, గాలి మాత్రం లాగడం లేదు.

ఈ వరుసలో చూడండి. కవరు మూతి గాడి లోపలికి వచ్చిందా? మరీ లోతుకు పోయి గాలి లాగే రంధ్రాన్ని మూసేసిందా? మూత రెండు వైపులా టక్‌మని పడిందా? గాడి చుట్టూ ఉన్న రబ్బరు లేదా స్పాంజి పట్టీ మీద రేణువులున్నాయా, ఎక్కడైనా నొక్కుకుపోయి చదునైందా? పట్టీని ఊడదీసి గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక తిప్పి పెడితే చాలాసార్లు పని చేస్తుంది. అప్పటికీ లాగకపోతే పట్టీ మార్చాలి.

కవరులో చిల్లు ఉందేమో తేల్చుకోవడానికి, ఖాళీ కొత్త కవరును రెండు వైపులా సీల్ చేసి చూడండి. అది బిగుసుకుంటే మెషిన్ బాగానే ఉంది, తప్పు పాత కవరుది.

గాలి బాగానే లాగుతోంది, సీల్ పడటం లేదు.

తడి ముఖ్య కారణం. నీరు ఆవిరి కావడానికే వేడి ఖర్చయిపోతుంది, ప్లాస్టిక్ కరగడానికి చాలదు. తడి పదార్థాల మీట ఉంటే అది వాడండి, అందులో సీల్ వేడి ఎక్కువసేపు ఉంటుంది. వేడి తీగ పైన ఉండే టెఫ్లాన్ టేపు మాడినా, కరిగిన ప్లాస్టిక్ అంటుకున్నా ఆ చోట సీల్ తెగుతుంది. ప్లగ్ తీసి, చల్లారాక మెత్తటి బట్టతో తుడవండి. కత్తితో గీకితే టేపు చిరుగుతుంది.

వరసగా పది పదిహేను కవర్లు చేస్తుంటే తీగ వేడెక్కిపోయి ఇందుకు వ్యతిరేకమైన సమస్య వస్తుంది, సీల్ కరిగి తెగిపోతుంది. ఒక్కో కవరుకు మధ్య కనీసం 20 సెకన్లు మూత తెరిచి ఉంచండి. మీ మెషిన్ పుస్తకంలో అంతకంటే ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి.

రాత్రి బిగుతుగా ఉంది, పొద్దున్నకి వదులైంది. పారేయాలా?

ముందు వదులైందా, ఉబ్బిందా తేల్చుకోండి. రెండూ వేరు. ఉబ్బితే లోపల ఏదో వాయువు పుడుతోంది. మాంసం, చేప, వండిన కూర ఉన్న కవరు ఫ్రిజ్‌లో ఉబ్బితే రుచి చూడకుండా పారేయండి. కాఫీ గింజలు ఇందుకు మినహాయింపు. కొత్తగా వేయించినవి కొన్ని రోజులపాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, అందుకే కవరు ఉబ్బుతుంది.

ఉబ్బకుండా కేవలం వదులైతే గాలి దూరినట్టు. కవరును నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. సీల్ దగ్గరైతే తడి లేదా ముడత, మధ్యలోనైతే ఎముక మొనో, గట్టి ముక్క అంచో పొడిచింది. ఆహారం చల్లగానే ఉండి ఉంటే కొత్త కవరులో వేసి సీల్ చేయండి. ఎముక మొనల మీద నాలుగు మడతల కాగితపు టవల్ వేస్తే ఇంకోసారి పొడుచుకోదు. ఎండిన పాస్తా కూడా ఇలాగే పొడుస్తుంది.

సూప్, రసం ఉన్న కూరలు ఎలా?

ముందు గిన్నెలోనో, అచ్చులోనో గడ్డకట్టించండి. గట్టి దిమ్మ అయ్యాక తీసి కవరులో వేసి సీల్ చేయండి. ద్రవాన్ని అలాగే పెడితే పంపు గాలితోపాటు దాన్నీ లాగుతుంది. కొంచెమైతే డ్రిప్ ట్రేలో ఆగుతుంది, ఎక్కువైతే పంపులోకి పోయి మెషిన్ పని అయిపోతుంది. మెషిన్ కొనేటప్పుడు మీటలు ఎన్నున్నాయో చూసే బదులు ట్రే ఊడదీసి కడుక్కునేలా ఉందా లేదా చూడటం మేలు.

పచ్చి మాంసం రసం కోసం అంత శ్రమ అక్కర్లేదు. ఒకటి రెండు గంటలు ఫ్రీజర్‌లో పెడితే పైభాగం గట్టిపడుతుంది, అది చాలు.

బ్రెడ్, మెత్తటి పండ్లు నలిగిపోతున్నాయి.

వీటికీ అదే మందు, ముందు గడ్డకట్టించడం. పండ్ల ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ట్రేలో పరిచి రాత్రంతా ఉంచితే తర్వాత విడివిడిగా వస్తాయి. ఆపి ఆపి గాలి లాగే పల్స్ మీట ఉంటే, కావలసినంత బిగుతు రాగానే చేత్తో ఆపి సీల్ నొక్కొచ్చు.

వేడిగా ఉండగానే సీల్ చేస్తే సూక్ష్మజీవులు చేరవు కదా?

ఆవిరి సీల్‌ను పాడుచేస్తుంది, మూసిన కవరులో ముద్ద గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. ఆ గోరువెచ్చదనమే ప్రమాదం. వండినదాన్ని 5 సెంటీమీటర్లకు మించని మందంలో వెడల్పు పళ్లెంలో పోసి, 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దింపండి. వండిన అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం. అందులో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు వంటకు తట్టుకుంటాయి.

పిండి, పప్పులు, ధాన్యం సీల్ చేస్తే పురుగు పట్టదా?

బయటి నుంచి కొత్తగా రాదు. లోపల అప్పటికే గుడ్లు ఉంటే ఇంటి మెషిన్ తీసే గాలి వాటిని నమ్మకంగా చంపలేదు. సీల్ చేసిన కవరును మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం నాలుగు రోజులు ఉంచి, బయటికి తీశాక గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా విప్పకండి. చల్లగా ఉండగా విప్పితే గాలిలో తేమ పిండి మీద నీరై చేరుతుంది.

పిండిని నేరుగా కవరులో పోస్తే పొడి లేచి సీల్ దగ్గరా, పంపులోనూ చేరుతుంది. కాగితపు సంచిలో వేసి, మూతి మడిచి, ఆ సంచినే కవరులో పెట్టండి.

ఆక్సిజన్ పీల్చే పొట్లాలు కూడా వేయాలా?

అవి ఇనుప పొడితో పనిచేస్తాయి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మిగిలిన అయిదో వంతు గాలిలోని ఆక్సిజన్‌ను కూడా తీసేస్తాయి కాబట్టి ఏళ్ల తరబడి దాచే ఎండు ధాన్యానికి పనికొస్తాయి. తేమ 10 శాతం మించిన దేనిలోనూ వేయొద్దు, బొటులినం భయం మళ్లీ వస్తుంది. చక్కెరలో వేస్తే గడ్డకడుతుంది.

ఎర్రటి మాంసం ఊదారంగుకు మారింది, విప్పితే పులిసిన వాసన వచ్చింది.

రంగు మారడం మామూలే. మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ ఆక్సిజన్ లేకపోతే ముదురు ఊదాగా ఉంటుంది, గాలి తగిలాక పావుగంట, అరగంటలో ఎరుపెక్కుతుంది. కవరులో నిలవున్న వాసన కూడా కొన్ని నిమిషాల్లో పోవాలి. పోకపోయినా, మాంసం చేతికి జిగటగా తగిలినా వాడొద్దు.

గడ్డకట్టిన చేపను కవరుతోనే కరిగించవచ్చా?

వద్దు. ఫ్రిజ్‌లో పెట్టే ముందే కవరును కోయండి, లేదా విప్పి పళ్లెంలో పెట్టి మూతేయండి. చలిలో పెరిగే బొటులినం రకం చేపల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. గాలి తగలనిస్తే దానికి అడ్డుకట్ట పడుతుంది.

మాంసాన్ని ఫ్రిజ్‌లో కరిగించడం ఉత్తమం. తొందరైతే కవరుతో చల్లటి నీళ్లలో ముంచి, ప్రతి అరగంటకూ నీళ్లు మార్చి, కరగగానే వండేయాలి. గట్టు మీద వదిలేయడం సరికాదు. గడ్డకట్టడం వల్ల సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయి అంతే.

కవర్లు కడిగి మళ్లీ వాడొచ్చా?

ఎండు పదార్థాలు, బ్రెడ్ పెట్టినవైతే వాడొచ్చు. పచ్చి మాంసం, చేప, గుడ్లు, నూనె జిడ్డు ఉన్నవి పెట్టిన కవరు పారేయాల్సిందే. గీతల సందుల్లో జిడ్డు చేరితే ఎంత కడిగినా పోదు.

కవరుతోనే వేడిచేయవచ్చా?

కవరు మీద అనుమతి రాసి ఉంటేనే. మైక్రోవేవ్‌లో పెట్టే ముందు ఒక మూల కత్తిరించాలి, లేకపోతే ఆవిరికి పగులుతుంది.

గాజు జాడీల మూతకు గాలి తీసే గొట్టం వచ్చింది. దాంతో కూరలు అలమరలో నిల్వ చేయొచ్చా?

చేయకూడదు. జాడీని ప్రెజర్ కింద వేడిచేసి నిల్వ చేసే పద్ధతిలో వేడి బీజాలను చంపుతుంది. ఇక్కడ గాలి మాత్రమే పోతుంది. మూత గట్టిగా పట్టుకోవడం చూసి రెండూ ఒకటే అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. ఎండు గింజలు, బిస్కెట్లు, కాఫీ లాంటి పొడివాటికి మాత్రం ఇది చాలా చక్కటి సాధనం, రోజూ తీసి పెట్టుకునేవాటికి కవరు కంటే జాడీయే నయం.

ఛాంబర్ మెషిన్ ఎప్పుడు అవసరం?

ద్రవాలు తరచుగా సీల్ చేసేవారికి. కవరు మొత్తం పెట్టెలో ఉంటుంది కాబట్టి లోపలా బయటా పీడనం ఒకేలా తగ్గుతుంది, రసం బయటికి రాదు, నున్నటి కవర్లు సరిపోతాయి. కానీ పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. గోరువెచ్చటి సూప్ పెడితే కళ్లముందే బుడగలు లేచి పొంగుతుంది. ఫ్రిజ్‌లో బాగా చల్లార్చాకే పెట్టాలి.

మెషిన్‌ను ఎలా దాచాలి?

మూత లాక్ చేయకుండా. లాక్ చేసి నెలల తరబడి ఉంచితే రబ్బరు పట్టీ నొక్కుకుపోయి, తర్వాత గాలి పట్టదు. వాడిన ప్రతిసారీ ట్రే కడిగి, గాడి తుడిచి, తడి ఆరాకే మూత వాల్చండి.